కలెక్టరేట్ గేటు బయటి నుంచి ఒక స్తుతి

ఉద్యమాలను చదివే అయ్యలారా, అమ్మలారా! జనం ఎందుకు రోడ్డెక్కుతారో, ఎప్పుడెక్కుతారో, ఎక్కాక ఏమవుతుందో ఏళ్ల తరబడి తేల్చి చెబుతున్న విద్వాంసులారా! మిమ్మల్ని పొగడాలని కూర్చున్నాను. ఇందులో ఒక్క మాట అబద్ధం ఉండదు. చదువుతుంటే ఎక్కడైనా గుచ్చుకుంటే, గుచ్చుకున్నది నిజమే అనుకోండి. శ్రీకాకుళాంధ్ర దేవుణ్ని తిడుతున్నట్టే కొలిచి కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం చెప్పాడు. తనవాడనుకున్న దేవుడి దగ్గరే అంత చనువు చెల్లుతుంది. నేను ఆ దారికి ఎదురు వైపు నుంచి వస్తున్నాను, చనువు మాత్రం అదే. మాది కామారెడ్డి జిల్లా. మా దగ్గర జనం రోడ్డెక్కడం కొత్త కాదు, తెలంగాణను మీరు చదవడమూ కొత్త కాదు.

మీకు పడవలసిన మొదటి దండం గుంపుకు పరువు తెచ్చినందుకు. 1895లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె బాన్ అనే పెద్దమనిషి, గుంపులో చేరిన మనిషికి తెలివి పోతుందని, ఆవేశం తప్ప ఆలోచన మిగలదని పుస్తకం రాశాడు. సర్కార్లకు ఆ మాట బాగా నచ్చింది. తెలివి లేనివాళ్లతో మాట్లాడనక్కర లేదు, లాఠీ చాలు గదా. ఆ మాటను పడగొట్టడానికి మీ పూర్వులు అర్ధ శతాబ్దం పైగా కష్టపడ్డారు. జార్జ్ రూడే పాత పోలీసు కాగితాలు తిరగేసి, ఫ్రెంచి విప్లవపు గుంపులో ఉన్నది దొంగలూ దిమ్మరులూ కాదు, చేతిపనివాళ్లూ చిన్న దుకాణదారులూ అని చూపించాడు. ఇ.పి. థాంప్సన్ 1971లో రాసిన వ్యాసంలో, 18వ శతాబ్దపు ఇంగ్లండ్ పేదలు ధాన్యం బండ్లను అడ్డగించింది ఒట్టి ఆకలితో కాదని, గింజకు న్యాయమైన ధర ఒకటి ఉంటుందన్న నమ్మకంతో అని చెప్పాడు. రణజిత్ గుహ 1983లో మన దేశపు రైతు తిరుగుబాట్ల మీద రాస్తూ, రైతు ఎవరో ఎగదోస్తే లేచినవాడు కాదని, అతని తిరుగుబాటుకు అతని సొంత చైతన్యమే మూలమని నిలబెట్టాడు. మా తాతలను మూక అన్న నోళ్లను మీరు మూయించారు. ఈ బాకీ మేం తీర్చలేం. ఇది గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్న మాట.

రెండో దండం మీ కంటికి. 2023 జనవరిలో కామారెడ్డిలో జరిగింది మీ శాస్త్రం చేతిలో పెడితే ఎంత చక్కగా విప్పగలరో నాకు తెలుసు. మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చింది. చుట్టూ ఉన్న పల్లెల సాగుభూములు అందులో ఇండస్ట్రియల్ జోన్‌గా, రోడ్లుగా రంగు మారాయి. అడ్లూర్, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్, అడ్లూర్ ఎల్లారెడ్డి రైతుల కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. భూమి ఎవరూ తీసుకుపోలేదు, ఉన్నచోటే ఉంది. కానీ కాగితం మీద రంగు మారిన భూమిని కొనేవాడు రాడు, దాని మీద అప్పు పుట్టదు. బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముదామనుకున్నవాడికి ఆ రంగే ఉరి. జనవరి 4న అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. మరునాడు రైతులు ఆడామగా పిల్లాజెల్లాతో ఊరేగింపుగా వచ్చి కలెక్టరేట్‌ను ముట్టడించారు. కలెక్టర్ బయటికి వచ్చి తమతో మాట్లాడాలన్నది వాళ్ల పట్టు. 6న బంద్. పార్టీల నాయకులు దిగారు. కొందరు రైతులు హైకోర్టు మెట్లెక్కారు. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ కూర్చుని ఆ ముసాయిదాను రద్దు చేస్తున్నట్టు తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ మాస్టర్ ప్లాన్ మీద రైతులు లేచారు, అక్కడా కౌన్సిల్ వెనక్కి తగ్గింది.

చార్లెస్ టిల్లీ చెప్పిన నాలుగు గుర్తులు ఇందులో ఉన్నాయా అంటే ఉన్నాయి. ఉద్యమం తన యోగ్యతను, ఐక్యతను, సంఖ్యను, పట్టుదలను నలుగురికీ కనిపించేలా చూపించాలంటాడాయన. పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్న రైతు అంటే యోగ్యత. పల్లెలన్నీ ఒక్క కమిటీ కింద నిలవడం ఐక్యత. గేటు ముందు కిక్కిరిసిన జనం సంఖ్య. చీకటి పడ్డా కదలకపోవడం పట్టుదల. డగ్ మెకాడమ్, సిడ్నీ టారో లాంటివాళ్లయితే రాజకీయ అవకాశం తెరుచుకున్న వేళను పట్టుకునేవాళ్లు: అది అసెంబ్లీ ఎన్నికలు జరగవలసిన సంవత్సరం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నిరసన ఎలా పాకుతుందో చెప్పేవాళ్లు కామారెడ్డి పక్కన జగిత్యాలను పెట్టి చూసేవాళ్లు. మీరు చెప్పేదంతా నిజమే అవుతుంది. అడ్లూర్ రైతు విన్నా కాదనడు. అవును సారూ, అట్లనే అయింది అంటాడు. మీ శాస్త్రం గొప్పతనం అదే: అనుభవించినవాడికి తెలిసిన సంగతిని, అనుభవించినవాడే ఒప్పుకునేంత కచ్చితంగా, అంతా అయిపోయాక చెప్పగలదు.

నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది ఆ అయిపోయాక గురించే. ముసాయిదా బయటపడిన రోజు నుంచి ప్రజల అభ్యంతరాలకు ఇచ్చిన గడువు ముగిసే దాకా, రైతుకు కావలసింది ఒక్కటే: ఈ మ్యాపును చదివి చెప్పేవాడు. తన సర్వే నంబరు ఏ రంగు కింద పడిందో, ఆ రంగుకు అర్థమేమిటో, అభ్యంతరం ఏ కాగితం మీద ఎవరికి రాయాలో, ఇచ్చినట్టు రసీదు ఎలా అడగాలో. పక్క జిల్లాలోనో పక్క రాష్ట్రంలోనో ఇలాంటి ప్లాన్ వచ్చినప్పుడు అక్కడి రైతులు ఏం చేస్తే పని జరిగింది, ఏం చేస్తే జరగలేదు. ఇదంతా మీకు తెలుసు. ఏ పద్ధతి ఎక్కడ ఫలించిందో లెక్కలు కట్టినవాళ్లు మీరు. ఎరికా చెనోవెత్, మారియా స్టీఫన్ 1900 నుంచి 2006 దాకా జరిగిన వందల పోరాటాలను పోల్చి, అహింసగా సాగినవే ఎక్కువ గెలిచాయని 2011లో తేల్చారు. జీన్ షార్ప్ 1973లోనే నిరసన పద్ధతులు 198 అని జాబితా రాసిపెట్టాడు. అలాంటి విద్య మీ దగ్గర ఉండగా, ఆ గడువు రోజుల్లో పల్లెల్లో మ్యాపులను విప్పి చూసుకున్నది రైతులే, వాళ్లకు తోడు స్థానిక విలేకరులు, వకీళ్లు, పార్టీల కార్యకర్తలు. మీ ఓపిక గొప్పది. తొందరపడి ఏదీ అనకూడదన్నది మీ నియమం. నియమం మంచిదే. కానీ అభ్యంతరాల గడువుకు ఆ ఓపిక తెలియదు.

మీ జ్ఞాపకశక్తిని ఎంత పొగిడినా తక్కువే. టిల్లీ మాటే మళ్లీ తీసుకుంటాను: ప్రతి సమాజానికీ నిరసన తెలిపే పద్ధతులు కొన్ని ఉంటాయి, జనం ఉన్నవాటిలోంచే ఏరుకుంటారు, కొద్దికొద్దిగా మార్చుకుంటారు. దీనికి మా తెలుగు నేలకు మించిన సాక్ష్యం దొరకదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా, మా వైపు చూడండి అని బ్యాలెట్ పత్రం ద్వారా అరిచింది. ఆ బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 2010 ఫిబ్రవరిలో తెలంగాణ కోసం ఎమ్మెల్యేలు రాజీనామా చేసి మళ్లీ ఓటర్ల ముందుకు వచ్చారు. జూలైలో పన్నెండు స్థానాల్లో ఉప ఎన్నికలు జరిగాయి, అందులో మా ఎల్లారెడ్డి ఒకటి. ఆ రోజు ఎల్లారెడ్డిలో వరుసలో నిలబడి ఓటేసినవాళ్లు తాము ధర్నాకు వచ్చామనే అనుకున్నారు. మీ పట్టికలో అది ఎన్నికల గడిలో పడుతుంది, నిరసన గడిలో పడదు. ఆ తర్వాత 2019లో పొరుగున నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నల్లగొండ పద్ధతిని మళ్లీ తీశారు. పసుపు బోర్డు కావాలి, పంటలకు ధర కావాలి అని 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది బరిలో ఉంటే, ఓటింగ్ యంత్రాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చవలసి వచ్చింది. నాలుగేళ్లకు, 2023 ఎన్నికలప్పుడు, కామారెడ్డి మాస్టర్ ప్లాన్ రైతుల మధ్య కూడా నామినేషన్ల మాట నలిగింది. నల్లగొండ నుంచి కామారెడ్డి దాకా ఒకే పాఠం చేతులు మారుతూ వచ్చింది.

ఈ పాఠాన్ని మీకంటే ముందు, మీకంటే శ్రద్ధగా చదివిన విద్యార్థి ఇంకొకరున్నారు. సర్కారు. 1996 ఎన్నికల్లో అభ్యర్థుల రద్దీ చూశాక, ఆ ఏడాదే లోక్‌సభ పోటీకి ధరావతు సొమ్ము 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. ఇప్పుడది 25,000. 2019లో నిజామాబాద్ రైతు వేసిన ప్రతి నామినేషన్ వెనక ఊరివాళ్లు పోగుచేసిన చందా ఎంతుండాలో ఆలోచించండి. హైదరాబాద్‌లో ధర్నా అంటే ఇందిరా పార్క్ అని జనానికి అలవాటయ్యాక, 2017లో ధర్నా చౌక్‌ను అక్కడి నుంచి ఊరి అంచులకు పంపే ప్రయత్నం జరిగింది. నిరసన ఎక్కడ బలంగా ఉంటుందో, ఏ దారి మూస్తే తగ్గుతుందో అన్నదాని మీద పాలకులు పుస్తకాలు రాయరు, చట్టాలు రాస్తారు. మీరు పుస్తకాలు రాస్తారు. ఇంగ్లీషులో అచ్చయిన ఆ పుస్తకాలను తీరిగ్గా చదువుకునే వీలు ఎవరికుంది? కలెక్టరేట్ గేటు లోపలి వాళ్లకుంది. బయటి వాళ్లకు లేదు. మీ జ్ఞానం ఎవరి పక్షమూ వహించదని మీరంటారు, నేను నమ్ముతాను. అది ఏ పక్షానికి అందుతుందో మాత్రం మీరు చూసుకోవాలి గదా.

ఇక్కడ ఒకరి పేరు ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో పాఠం చెప్పే లీసా మిచెల్ తెలుగు నేర్చుకుని, ఏళ్లకేళ్లు మన మధ్య తిరిగి, 2023లో ఒక పుస్తకం తెచ్చారు. ధర్నా, రైలురోకో, గర్జన, పాదయాత్ర — ఇవన్నీ రాజ్యాన్ని కాదనడం కాదని, ఎన్నికకూ ఎన్నికకూ నడుమ రాజ్యాన్ని పిలిచి, మా మాట విను అనడమని ఆమె వాదన. నాకు తెలిసినంతలో గేటు బయట నిలబడ్డవాళ్ల మనసుకు ఇంత దగ్గరగా వచ్చిన మాట లేదు. కలెక్టర్ బయటికి రావాలి అన్న ఆ రైతులు కలెక్టరు వద్దనలేదు. రమ్మన్నారు. ఆ మాట గేటు ఇవతల, మనవాళ్ల భాషలో, మనవాళ్ల చేతుల్లో ఉంటే, తమను శాంతిభద్రతల సమస్య అన్న అధికారికి వాళ్లు దాన్నే చూపించేవాళ్లు. ఇది ఆమె ఒక్కరి లోపం కాదు. మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లు, తెలుగులోనే పుట్టి తెలుగులోనే నినాదాలిచ్చి పెరిగినవాళ్లు, మన ఉద్యమాల మీద రాసినవాటిలో ఎంత భాగం తెలుగులో ఉంది? పరాయి దేశం నుంచి వచ్చినామె తెలుగు నేర్చుకుని రాస్తే, ఇక్కడే పుట్టినవాళ్లు ప్రమోషన్ కోసం తెలుగును గేటు బయట వదిలి లోపలికి పోతున్నారు. మీ క్రమశిక్షణ అంతటిది.

మీ లెక్కల పని గురించి చెప్పకపోతే పొగడ్త సగమే అవుతుంది. నిరసనలను సంఘటనలుగా విడదీసి, తేదీ, ఊరు, ఎంతమంది, ఏం డిమాండ్, పోలీసులు ఏం చేశారు అని గడులు నింపే పద్ధతి మీరు తయారుచేశారు. ఆక్లెడ్ లాంటి సంస్థలు ప్రపంచమంతటి నిరసనలను అలా రాసి పెడుతున్నాయి. గాలిమాటలతో కాక లెక్కతో మాట్లాడే వీలు దాని వల్లే వచ్చింది. ఆ గడులు ఎక్కువగా పత్రికల వార్తలతోనే నిండుతాయని, పెద్ద గుంపును, గొడవను, పట్నానికి దగ్గరగా జరిగినదాన్ని పత్రికలు ముందు రాస్తాయని మీరే పరిశోధించి మీరే ఒప్పుకున్నారు. తమ కొలబద్దలో వంకర ఉందని తామే చెప్పే శాస్త్రం ఎంత నిజాయితీ గలదో! చెప్పాక కూడా ఆ కొలబద్దతోనే కొలుస్తున్నారు.

దానితో ఎల్లారెడ్డి వైపు కొలిచి చూడండి. 2021 నవంబర్‌లో లింగంపేటలో వడ్లు అమ్ముకోవడానికి వచ్చిన రైతు ఒకాయన, కొనుగోలు కేంద్రంలో తన వడ్ల కుప్ప మీదే ప్రాణం విడిచాడు. కాంటా ఎప్పుడు పెడతారో తెలియక రోజుల తరబడి కుప్ప దగ్గరే కాపలా ఉన్నాడు. ఆయన చనిపోయాక నాయకులు వచ్చారు, పత్రికలు రాశాయి, మీ పట్టికలో ఒక వరుస పడే ఉంటుంది. చనిపోక ముందు ఆ రాత్రుళ్లు? గడిలో ఏమీ లేదు. ఆ సమయంలో రాష్ట్రమంతటా ఎన్ని కుప్పల పక్కన ఎంతమంది అలాగే పడుకున్నారో ఊహించుకోండి. టోకెన్ రావాలి, తేమ తగ్గాలి, గన్నీ సంచులు రావాలి, హమాలీలు దొరకాలి, లారీ రావాలి, మిల్లులో దింపుకోవాలి, అక్కడ తరుగు తియ్యకుండా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా రైతు కుప్ప దగ్గరే ఉంటాడు. మబ్బు పడితే టార్పాలిన్ కప్పుతాడు, ఎండ వస్తే తీసి వడ్లు తిరగబోస్తాడు. అడిగేవాడు కనిపిస్తే అడుగుతాడు. ఇది నిరసన కాదు. సంఘటన కూడా కాదు. రైతు ఓపిక పట్టినంత కాలం అతను మీ శాస్త్రానికి కనబడడు. రోడ్డు మీద వడ్లు పోసి నిప్పు పెట్టిన రోజు కనబడతాడు. రోడ్డెక్కని రోజుల్లో రైతు ఏం మింగుతున్నాడో తెలియనివాడికి రోడ్డెక్కిన రోజు ఎలా అర్థమవుతుంది?

జేమ్స్ స్కాట్ మలేషియాలో ఒక పల్లెలో ఉండి, 1985లో, పేదవాడి మౌనం వెనక సాగే చిన్నచిన్న ధిక్కారాల మీద రాశాడని మీరు గుర్తు చేస్తారు. నిజం, రాశాడు. ఏడాదికి పైగా వరి పొలాల మధ్య ఉండి రాశాడు. కాన్ఫరెన్సు తేదీకి రాసినది కాదది.

మా జిల్లా ఇంకొక విధంగా కూడా మీ కొలతలకు లొంగదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద మీరు, మీ ముందువాళ్లు రాసిన పుస్తకాలు చూస్తే నల్లగొండ, వరంగల్, ఖమ్మం పేర్లే పుటపుటకూ వస్తాయి. పోరాటం అక్కడ మండింది గనక అది న్యాయమే. అదే నిజాం రాజ్యంలో మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. 1923లో మొదలై 1931కి పూర్తయింది. కాలువ కింద చెరకు, వరి పండాయి. నీటి అడుగున పల్లెలు పోయాయి. ఆ పల్లెలవాళ్లు ఏం చేశారు? ఎక్కడికి పోయారు? ఎవరిని అడిగారు, అడగడానికి ఎవరైనా ఉన్నారా? తుపాకీ పట్టినచోట చరిత్ర ఉంది, మూట నెత్తిన పెట్టుకుని పోయినచోట ఇంజనీర్ల పొగడ్త ఉంది. లేచిన ఊళ్లనే చదివి, ఊళ్లు ఎందుకు లేస్తాయో చెప్పడం సగం చదువు. ఈ మాట కూడా మీవాళ్లే ఎప్పుడో అన్నారు, మీ పాఠ్యపుస్తకాల్లో హెచ్చరికగా ఉంది. మీకు తెలియనిదంటూ ఏదీ లేదు. అందుకే మిమ్మల్ని పొగడ్డానికి నాకు ఇన్ని మాటలు దొరుకుతున్నాయి.

మీరు మమ్మల్ని కాపాడే పద్ధతికి ఇంకో దండం. మాతో మాట్లాడే ముందు సమ్మతి పత్రం తీసుకుంటారు. మా పేర్లు మారుస్తారు, ఒక్కోసారి ఊరి పేరూ మారుస్తారు. మా మాట వల్ల మాకు ముప్పు రాకూడదని. కేసులు నెత్తి మీద ఉన్నవాళ్లకు ఆ జాగ్రత్త ప్రాణావసరం, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే అందరికీ ఆ ముప్పు లేదు. తన పేరు చెప్పుకోవాలని ఉన్నవాళ్లుంటారు. గేటు ముందు మొదటి వరుసలో నిలబడింది నేనే అని మనుమలకు చూపించాలని ఉన్న అమ్మ ఉంటుంది. ఆమె పుస్తకంలో ఒక మహిళా రైతుగా మారిపోతుంది, వయసు పక్కన కులం, కులం పక్కన ఎకరాలు. అట్ట మీద ఒక్క పేరే ఉంటుంది, అది మీది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల చేత వాళ్ల కథను వాళ్ల మాటల్లో, వాళ్ల పేర్లతో చెప్పించారు. ముందు తెలుగులో వచ్చింది, ఇంగ్లీషుకు మూడేళ్ల తర్వాత పోయింది. ఆ వరుస మీద నాకు ఎనలేని గౌరవం. నాయకులను గురించి కూడా ఆ అమ్మలు నిష్ఠూరాలాడారు, పోరాటం ముగిశాక తమను వంటింటికి పంపిన తీరు చెప్పారు. సంపాదకులు వాటిని దాచలేదు. అది పరిశోధనే, అది పోరాటమే, ఒకదాని వల్ల ఇంకొకటి చెడలేదు.

అలాంటివాళ్లు మనకు కొత్త కాదు గదా. పుచ్చలపల్లి సుందరయ్య తాను నడిపిన పోరాటం మీద 1972లో పుస్తకం రాశాడు, దాన్ని ఇప్పటికీ మీరు ఉదహరిస్తారు. బాలగోపాల్ గణితం పాఠాలు వదిలి ఊళ్లు తిరిగి నిజనిర్ధారణ నివేదికలు రాశాడు. ఒక్కొక్కటి మీ సెమినార్ పత్రానికి ఏ మాత్రం తీసిపోదు. కోదండరామ్ ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెబుతూనే తెలంగాణ జేఏసీకి ముందు నిలిచారు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు ఉద్యమ శాస్త్రం తరగతి గదిలో లేదు, బస్ డిపోల ముందు, బొగ్గు గనుల దగ్గర, ఆఫీసు మెట్ల మీద ఉంది. అందులో ఎవరి రాజకీయం ఎవరికి నచ్చిందో నచ్చలేదో అది వేరే మాట. తెలిసినవాడు తెలిసినదాన్ని అవసరమైన రోజు ఇవ్వడం మన నేల మీద జరిగింది. మీరు దాన్ని చూసి, అలా ఇచ్చినవాడు పరిశీలకుడా, పాల్గొన్నవాడా అని చర్చించారు.

చివరగా విజయం గురించి. విలియం గామ్సన్ 1975లో అమెరికాలోని 53 నిరసన సంఘాలను తీసుకుని, ఉద్యమం గెలిచిందా లేదా అన్నది రెండు ప్రశ్నలతో కొలిచాడు: ఎదుటివాళ్లు మిమ్మల్ని గుర్తించారా, మీకు కొత్తగా ఏమైనా దక్కిందా. మీరు ఇప్పటికీ ఆ దారిలోనే కొలుస్తారు. కామారెడ్డిని దానితో కొలిస్తే గెలుపే. ప్లాన్ రద్దయింది. అదే ఏడాది చివర అసెంబ్లీ ఎన్నికల్లో కామారెడ్డిలో కె. చంద్రశేఖర్ రావు, రేవంత్ రెడ్డి ఇద్దరూ పోటీ చేస్తే, మాస్టర్ ప్లాన్ ఆందోళనలో ముందున్న కాటిపల్లి వెంకట రమణారెడ్డి ఇద్దరినీ ఓడించారు. దేశమంతా కామారెడ్డి వైపు చూసింది. ఒక ముఖ్యమంత్రినీ, కాబోయే ముఖ్యమంత్రినీ ఒకే చోట ఓడించిన ఆందోళన అంటే ఏ పరిశోధకుడికైనా నోరూరుతుంది.

ఇప్పుడు అడ్లూర్ ఎల్లారెడ్డి ఎక్కడుందో చూడండి. సదాశివనగర్ మండలం. ఆ మండలం ఓట్లు కామారెడ్డి నియోజకవర్గంలో లేవు, ఎల్లారెడ్డి నియోజకవర్గంలో ఉన్నాయి. ఎవరి చావుతో గేటు ముందు అంత జనం పోగయ్యారో ఆయన ఊరు, ఆ ఆందోళన ఫలితమని అందరూ చెప్పుకున్న ఎన్నికలో ఓటే వెయ్యలేదు. ఆ ఊరివాళ్లు వేరే అభ్యర్థుల మధ్య వేరే పెట్టెలో ఓటేశారు. భూమి కామారెడ్డి ప్లాన్‌లో, ఓటు ఎల్లారెడ్డి పెట్టెలో, చావు రెండింటి నడుమ. నియోజకవర్గాన్ని కొలతగా తీసుకున్న ఏ పట్టికలోనూ ఈ సంగతి కనబడదు. ఆ ఇంటి ఆడమనిషికి తర్వాత ఏమైంది, అప్పు ఎంత తీరింది, ఆ భూమిని ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు అన్నది గామ్సన్ రెండు ప్రశ్నల్లో దేనికిందా రాదు. ఫలితం గడిలో గెలుపు అని రాసి మీరు తర్వాతి జిల్లాకు వెళ్తారు. మిగతా జిల్లాలు కూడా చూడాలి కనుక మీరు వెళ్లక తప్పదని నాకు తెలుసు. చావును గెలుపు పక్కన ఏ గడిలో రాయాలో ఇన్నేళ్ల శాస్త్రంలో ఒక్కరూ తేల్చకపోవడమే నాకు మింగుడు పడడం లేదు.

పసుపు రైతుల సంగతీ ఇంతే. 2019లో నామినేషన్లు వేసినవాళ్ల డిమాండ్లలో ఒకటైన బోర్డు 2025లో నిజామాబాద్‌కు వచ్చింది. గెలుపు అని రాస్తారు. క్వింటాలు పసుపు మార్కెట్ యార్డులో ఎంత పలుకుతున్నదో ప్రతి సీజన్‌లో చూస్తూ ఉంటే తప్ప అది ఎంత గెలుపో తెలియదు. చూస్తూ ఉండడానికి గ్రాంటు రాదు.

పట్నం పెరుగుతున్నది. ప్లాన్ లేకుండా పట్నం ఉండదు, అది మేమూ ఒప్పుకుంటాం. రద్దయిన ముసాయిదా చోట ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకటి వస్తుంది, కామారెడ్డికి కాకపోతే ఎల్లారెడ్డికి, బాన్సువాడకు, జగిత్యాలకు. మ్యాపు మీద మళ్లీ రంగులు ఉంటాయి, సర్వే నంబర్లు సన్న అక్షరాల్లో ఉంటాయి, అభ్యంతరాలకు గడువు ఉంటుంది. మీ దగ్గర టిల్లీ ఉన్నాడు, గుహ ఉన్నాడు, నల్లగొండ నుంచి నిజామాబాద్ దాకా ఏం పని చేసిందో ఏం చెయ్యలేదో లెక్క ఉంది, మ్యాపు చదవగల విద్యార్థులు ఉన్నారు. ఈసారి ఆ గడువు లోపల రండి. టేప్ రికార్డర్ తెచ్చుకోండి, మేం మాట్లాడతాం. పహాణీ నకలు, అభ్యంతరం దరఖాస్తు కూడా తెండి, తెలుగులోవి.